జపాన్ భూకంప హెచ్చరిక సేవ: ఆ కొన్ని సెకన్ల విలువ

జపాన్ వాతావరణ సంస్థ 2007 అక్టోబరు 1 నుంచి ప్రజలందరికీ అందిస్తున్న ఈ సేవ భూకంపం ఎప్పుడు వస్తుందో జోస్యం చెప్పదు. భూమి లోపల పగులు మొదలైన తర్వాత, వేగంగా ప్రయాణించే పి తరంగాలను దగ్గరలోని పరికరాలు పసిగట్టగానే, నష్టం కలిగించే ఎస్ తరంగాలు చేరేలోపే ఫోన్లకూ టీవీలకూ సమాచారం పంపుతుంది. ఒక చోట నేల ఎంత బలంగా ఊగుతుందో చెప్పే జపాన్ కొలమానంలో (0 నుంచి 7 వరకు) తీవ్రత ‘దిగువ 5’ లేదా అంతకు మించి ఉండవచ్చని అంచనా వేస్తే ప్రజలకు హెచ్చరిక వెలువడుతుంది. గదిలోని ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగి, ‘జిషిన్ దెసు’ (‘భూకంపం’) అనే గొంతు వినిపించగానే పొయ్యి దగ్గర ఉన్నవారు పక్కకు జరగడానికీ, పిల్లలు బల్ల కిందికి చేరడానికీ వ్యవధి దొరుకుతుంది.

లోపాలు లేకపోలేదు. భూకంప కేంద్రానికి మరీ దగ్గరగా ఉన్నవారికి కుదుపు ముందుగా వచ్చి, హెచ్చరిక తర్వాత వస్తుంది. 2011 మార్చి 11న 9.0 మాగ్నిట్యూడ్ (భూకంపం మొత్తం పరిమాణం) గల భూకంపాన్ని ఈ వ్యవస్థ 8.1గా తక్కువ అంచనా వేయడంతో టోక్యో ఉన్న కాంతో ప్రాంతానికి సరైన హెచ్చరిక అందలేదు. 2018 జనవరి 5న ఇబారకి, తొయామాలలో దాదాపు ఒకేసారి వచ్చిన రెండు చిన్న ప్రకంపనలను కలిపి లెక్కించి, అనవసరంగా హెచ్చరించింది. అయినా ప్రతి లోపాన్నీ బహిరంగంగా ఒప్పుకొని సరిదిద్దుకునే తీరే నాకు ఈ సేవపై నమ్మకం కలిగించింది. జపాన్ అగాధం వెంబడి సముద్రగర్భంలో 150 పరిశీలన కేంద్రాలతో ఎస్-నెట్ ఏర్పడ్డాక, తీరానికి దూరంగా పుట్టే ప్రకంపనలను మరింత ముందుగా పట్టుకునే వీలు కలిగింది.

జపాన్ వెళ్లే తెలుగువారు ఈ హెచ్చరికలను ఇంగ్లీషులోనూ అందించే ‘సేఫ్టీ టిప్స్’ యాప్‌ను ప్రయాణానికి ముందే ఉచితంగా వేసుకోవాలని గట్టిగా కోరుతున్నాను.