అడ్వెంచర్ ఐలాండ్: చేతిలో రాతి గొడ్డలి, పైన కరిగిపోయే గీతలు

గడ్డి లంగోటా, తల మీద తెల్ల టోపీ, గుడ్డు పగలగొడితే చేతికొచ్చే రాతి గొడ్డలి. తొంభైల్లో టీవీ గేమ్ పెట్టుకున్న తెలుగిళ్లలో చాలామందికి ఈ మనిషి తెలుసు, ఆట పేరు తెలియకపోయినా. పదుల ఆటలు కలిపి అమ్మిన క్యాసెట్లలో మారియో పక్కనే ఇదీ ఉండేది. జపాన్ కంపెనీ హడ్సన్ 1986లో నింటెండో వారి గేమ్ కన్సోల్ ఫామికామ్ కోసం విడుదల చేసింది, 1988లో దాని అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్‌కు వెళ్లింది. అసలు ఇది 1986లోనే సెగా ఆర్కేడ్‌లో (నాణెం వేసి ఆడే యంత్రంలో) వచ్చిన వండర్ బాయ్. ఆ హీరో బొమ్మ మీద హక్కులు సెగావి కాబట్టి, హడ్సన్ తన ప్రచారకర్త తకహాషి మెయిజిన్‌నే హీరోగా పెట్టుకుంది. సెకనుకు 16 సార్లు బటన్ నొక్కగలడని జపాన్ పిల్లల్లో ఆయనకు పేరు. అమెరికాలో ఆ పాత్రే మాస్టర్ హిగ్గిన్స్ అయింది.

చూడటానికి మారియోలా ఉంటుంది కానీ, మారియోలా ఆడితే రెండో రౌండ్ కూడా దాటలేరు. కారణం స్క్రీన్ పైన ఉండే శక్తి గీతలు. నిలబడ్డా, పరిగెత్తినా అవి ఒక్కొక్కటిగా తగ్గిపోతూనే ఉంటాయి. పండు తింటే కొంచెం పెరుగుతాయి. అన్నీ అయిపోతే ఏ జంతువూ తాకకుండానే ప్రాణం పోతుంది. పండ్లు కూడా మన కోసం కాచుకుని కూర్చోవు, దగ్గరకు వెళ్లాక కనబడి కాసేపటికి మాయమవుతాయి. అందుకే వెనక్కి తగ్గి, ఆలోచించి దూకుదామనుకునేవాళ్లు ఆకలితో పోతారు. ఆగకుండా ముందుకు వెళ్లమని ఆట అడుగుతోంది, దాని అందమంతా అక్కడే ఉంది.

ఇక బి బటన్ సంగతి. గొడ్డలి విసరడం, పరుగు, రెండూ దాని మీదే. నొక్కి పట్టుకుంటే పరుగు, పరుగులో దూకితే ఎత్తు ఎక్కువ. కానీ ఇంకో గొడ్డలి విసరాలంటే వేలు తీసి మళ్లీ నొక్కాలి. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు: నత్తను కొట్టడానికి బి వదిలేస్తారు, వేగం తగ్గుతుంది, వెంటనే వచ్చే గుంత దాటలేక పడిపోతారు. బొటనవేలి కొస బి మీద, వేలి మధ్యభాగం దూకే బటన్ ఏ మీద అడ్డంగా ఉంచండి. వేలిని పూర్తిగా ఎత్తకుండా కొసను మాత్రం చటుక్కున వదిలి నొక్కితే గొడ్డలి వెళ్తుంది, పరుగు దెబ్బతినదు. జాయ్‌స్టిక్‌లో టర్బో బటన్ ఉంటే అది కేవలం బాస్ (ఏరియా చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గరే పనికొస్తుంది. అది తనంతట తానే నొక్కుతూ వదులుతూ ఉంటుంది కనుక దారిలో పరుగు నిలకడగా రాదు.

రాయి తగిలితే తూలిపడి కొన్ని గీతలు పోతాయి, అంతే. మంటగానీ జంతువుగానీ తాకితే మాత్రం ప్రాణమే పోతుంది, దాంతోపాటు గొడ్డలీ పోతుంది. గొడ్డలి ఉండగా మరో ఆయుధపు గుడ్డు దొరికితే నిప్పు వస్తుంది, దానితో రాళ్లూ పగులుతాయి. నిప్పు చేతికొచ్చాక జాగ్రత్తగా ఆడటం నిజంగా లాభం. స్కేట్‌బోర్డు ఒక దెబ్బ కాస్తుంది కానీ దాని మీద ఆగడం కుదరదు. చిన్న చిన్న మేఘాల మీద దూకాల్సిన సముద్రం రౌండ్లలో దాన్ని తీసుకోకపోవడమే మేలు. అన్నిటికంటే ప్రమాదం వంకాయ. కొన్ని గుడ్లలోంచి బయటికొచ్చి, కాసేపు వదలకుండా శక్తిని పీల్చేస్తుంది. ఏ గుడ్డులో అది ఉందో ఒకసారి తెలిశాక, దాని పైనుంచి దూకి వెళ్లిపోవాలి.

మొత్తం 8 ఏరియాలు, ఒక్కోదానికి 4 రౌండ్లు. రౌండ్‌లో నంబర్ బోర్డులు దాటితే, చచ్చినా చివరగా దాటిన బోర్డు నుంచే మళ్లీ మొదలు. పాస్‌వర్డ్ లేదు, మొదట ఇచ్చేవి మూడే ప్రాణాలు. కంటిన్యూ కావాలంటే మొదటి రౌండ్ చివర్లో, గోల్‌కు ముందు దాగి ఉన్న గుడ్డులోంచి తేనెటీగను తీసుకోవాలి. అప్పుడు ఆట ముగిశాక కుడి బాణం పట్టుకుని స్టార్ట్ నొక్కితే పోయిన రౌండ్ నుంచే వస్తుంది. ఇంత ముఖ్యమైన దాన్ని ఆటలో చెప్పకుండా దాచడం పెద్ద లోపం. ఎంతోమంది మూడో ఏరియా చూడకుండానే వదిలేయడానికి ఇదే కారణమై ఉంటుంది. అడవి, సముద్రం, గుహ దృశ్యాలు అవే మళ్లీ మళ్లీ రావడం రెండో లోపం. నాలుగో రౌండ్ బాస్‌లకీ ఒళ్లు ఒకటే, తల మాత్రం మారుతుంది. నిప్పుబంతి మీద నుంచి దూకి, ఎత్తులో ఉండగానే తలకు గురిపెట్టాలి.

ఇప్పుడు ఎమ్యులేటర్‌లో (పాత ఆటలను కంప్యూటర్‌లో, ఫోన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆడేవాళ్లకు ఒక మాట. మన దగ్గర అమ్మిన నకలు కన్సోళ్లలో చాలావి మన దేశంలో వాడిన పాల్ పద్ధతి టీవీల కోసం సెకనుకు 50 ఫ్రేములతో నడిచేవి, అసలు ఆట 60తో నడుస్తుంది. అంటే చిన్నప్పుడు ఆడింది ఆరో వంతు నెమ్మదిగా ఉన్న ఆట. చేతులు మరిచిపోయాయేమోనని బెంగపడొద్దు, ఆటే వేగంగా ఉంది. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో రీజియన్‌ను డెండీకి (రష్యాలో అమ్మిన ఇలాంటి నకలు కన్సోల్ పేరు) మార్చండి, పాత వేగం, పాత పాట మళ్లీ వస్తాయి. టీవీలో బొమ్మ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ కూడా వేసుకోండి, లేకపోతే గుంత అంచున దూకడానికి నొక్కిన బటన్ పడిపోయాక అందుతుంది.