చెన్నై టి.నగర్ ఏజెన్సీ క్రూయిజ్ ప్యాకేజీ: వీసా పని భేష్, రోమ్ బస్సు దండగ

ముందే చెప్పేస్తున్నా. వీసా, సామాను, కార్డులు, ఈ మూడింటి దగ్గర ఈ ఏజెన్సీకి నూటికి తొంభై మార్కులు వేస్తాను. ఓడ దిగాక ఊళ్ళు తిప్పే పని మాత్రం వీళ్ళ చేతిలో పెట్టకండి. మంచీ చెడూ రెండూ ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు.

నేను పెరంబూర్ రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడకు ఓడెక్కాలని మోజు, నాకు దిగిన ప్రతి ఊళ్ళో రైలెక్కాలని మోజు. ఇద్దరికీ కుదిరేలా మెడిటరేనియన్ క్రూయిజ్ ఒకటి చూసుకున్నాం. బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, జెనోవా, రోమ్ రేవు చివితావెక్కియా, నేపుల్స్, టర్కీలో కుశదాసి మీదుగా ఏథెన్స్ రేవు పిరేయస్‌లో దిగడం.

ఆఫీసు నడిపే అమ్మాయిది చిత్తూరు వైపు. తెలుగూ తమిళమూ కలిపి గడగడా మాట్లాడుతుంది గానీ, కాగితం చేతికొస్తే మాట ఆగిపోతుంది. మా టికెట్‌ను పెన్సిల్‌తో లైను లైనూ చదువుతూ కుశదాసి దగ్గర సున్నా చుట్టింది. "అంకుల్, ఇది టర్కీ. షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపులోంచి బయటికెళ్ళి మళ్ళీ గ్రీసులోకి వస్తున్నారు. సింగిల్ ఎంట్రీ వీసా అయితే పనికిరాదు, మల్టిపుల్ అడగాలి" అంది. అంతకు ముందు నేను అడిగిన ఇంకో ఏజెంటు ఈ ఊసే ఎత్తలేదు. షెంగెన్ వీసా టర్కీలో చెల్లదు. చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా ఉంటే మనవాళ్ళకు ఆన్‌లైన్‌లో ఈ-వీసా వస్తుంది. అందుకే ముందు షెంగెన్, ఆ తర్వాతే టర్కీ అని వరస పెట్టింది.

మిగతా వీసా వ్యవహారం కూడా ఇంతే నిక్కచ్చి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటి ఉండకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువుండాలి. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకూడదు. వీసా ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, 2024 జూన్‌లో 80 నుంచి పెంచారు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు కాబట్టి ఆఖరి నెలలో పరుగులు పెట్టే పని లేదు. ప్యాకేజీ మీద మా దగ్గర ముందే పట్టుకున్న ఆదాయపన్ను, అదే టీసీఎస్, కూడా సమయానికే ప్రభుత్వానికి కట్టారు, నా పన్ను లెక్కల కాగితం 26ఏఎస్‌లో కనిపించింది. ఈ ఒక్క విషయంలో టోకరా వేసేవాళ్ళ కథలు చాలా విన్నాను, అందుకే చెబుతున్నా.

బయల్దేరే ముందు ఒక ఆదివారం పొద్దున క్లాసు పెడతారు. నాకు బాగా నచ్చింది అదే. సర్దిన పెట్టెతోనే రమ్మంటారు. మా ఆవిడ పెట్టె బల్ల మీద తెరిచి ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒక్కొక్కటే బయటికి తీశారు. నిప్పు భయంతో క్యాబిన్లో ఇవేవీ ఉండనివ్వరట, ఎక్కేటప్పుడే తీసేసుకుంటారట. తర్వాత పాలకోవా డబ్బా. బయటి దేశాల నుంచి పాలతో చేసినవి యూరోప్‌లోకి తీసుకురాకూడదు. దాని మీద మా ఆవిడ కాసేపు వాదించింది, చివరికి ఆ డబ్బా అక్కడే అందరూ తిని ఖాళీ చేశాం. ఆవకాయకు అడ్డు చెప్పలేదు, కాకపోతే గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ లగేజీలో వేయమన్నారు.

ఓడెక్కిన రోజు పెద్ద పెట్టెలు క్యాబిన్‌కు చేరేసరికి సాయంత్రమవుతుంది, అందుకని మాత్రలు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలని చెప్పారు. ఓడ కదలగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే శాటిలైట్ రోమింగ్ బిల్లుకు కళ్ళు తిరుగుతాయి. షాపులో కార్డు గీకినప్పుడు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్ళిష్టం. ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్ళు అరుదు. ఇక్కడిదాకా మేం కట్టిన సర్వీస్ ఛార్జీకి పూర్తిగా గిట్టుబాటు.

ఇక రోమ్. చివితావెక్కియా రేవు నుంచి రోమ్ డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. ఏజెన్సీ మాకు ఏసీ బస్సు టూర్ అంటగట్టింది, మనిషికి పద్నాలుగు వేలు. రైలుంది కదమ్మా అని అడిగాను. "రిస్క్ అంకుల్, రైలు లేటైతే ఓడ వెళ్ళిపోతుంది" అంది. ఓడ ఆగేది ఓడవాళ్ళు స్వయంగా అమ్మిన టూర్ల కోసమే. ఈ బస్సు బయటిది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దాని కోసమూ ఆగదు. అంటే రిస్క్ రైలెంతో ఇదీ అంతే, డబ్బు మాత్రం ఎన్నో రెట్లు. పోనీ హాయిగా తిప్పారా అంటే అదీ లేదు. పొద్దున ఇంకో గ్రూపు కోసం కూర్చోబెట్టారు, మధ్యలో తోలు సంచుల షాపు ముందు దింపారు, కొలోసియం బస్సు కిటికీలోంచి చూపించారు. సెయింట్ పీటర్స్ చర్చి ముందు క్యూ చూసి డ్రైవర్ టైమ్ లేదన్నాడు.

మా ఓడలోనే ఉన్న కోయంబత్తూరు దంపతులు పొద్దునే రీజనల్ రైలెక్కి రోమా సాన్ పియెట్రో స్టేషన్లో దిగారు. అక్కడి నుంచి సెయింట్ పీటర్స్‌కు నడిచిపోవచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుంటేనే లోపలికి పంపుతారు, ఆవిడ చీరలో ఉంది కాబట్టి ఆ గొడవ కూడా లేదు. మేం ఉసూరుమంటూ ఓడకు చేరేసరికి వాళ్ళు భోంచేసి డెక్ మీద పేకాడుతున్నారు.

నేపుల్స్ నుంచి మేమే తిరిగాం. అక్కడ ఓడ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది. దగ్గర్లోనే మునిచిపియో మెట్రో, అక్కడి నుంచి గారిబాల్డి స్టేషన్, అక్కడ పాంపేకి వెళ్ళే చిర్కుమ్‌వెజువియానా రైలు. దాని గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 950 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్‌కు బెత్తెడు కూడా తేడా లేదు. 2004 దాకా చెన్నైలో బీచ్–తాంబరం మధ్య తిరిగిన మన పాత లోకల్ గుర్తున్నవాళ్ళకు ఇందులో బెరుకుండదు. అదే ఊపు, అదే తోపులాట, రైలు పెట్టెల నిండా పిచ్చి రాతలు. పర్సు ముందు జేబులో పెట్టుకోండి. పాంపే స్కావి స్టేషన్లో దిగితే గేటు పక్కనే.

క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో కూరుకుపోయిన ఊరది. అందరూ గోడల మీది బొమ్మలు చూస్తుంటే నేను రోడ్డు దగ్గర ఆగిపోయాను. రాతి పలకల్లో బండి చక్రాలు కోసిన గాడులు, నాలుగు వేళ్ళు దిగేంత లోతున్నాయి. మనుషులు బురద తొక్కకుండా రోడ్డు దాటడానికి ఎత్తయిన అడుగు రాళ్ళు, వాటి మధ్య చక్రాలు పోవడానికి సందులు. అంటే ఆ ఊళ్ళో బండ్లన్నిటికీ చక్రాల మధ్య దూరం ఇంచుమించు ఒకటే ఉండి తీరాలి. గొంతుక్కూర్చుని జానతో కొలుస్తుంటే మా ఆవిడ "రిటైరయ్యారు, లేవండి" అంది.

పిరేయస్‌లో దిగాక ఏజెన్సీ చెప్పిన క్యాబ్ వద్దన్నాం. ఏథెన్స్‌కు ఇక్కడి నుంచి 1869లోనే ఆవిరి బండి నడిచింది, ఇప్పటి మెట్రో లైన్ 1 అదే. మన రాయపురం స్టేషన్ 1856 నాటిది, ఆ లెక్కన మనమే పెద్దవాళ్ళం. 2022 నుంచి లైన్ 3 కూడా పిరేయస్ దాకా వచ్చింది, పెట్టెలతో అందులో ఎక్కి నేరుగా విమానాశ్రయంలో దిగొచ్చు.

బార్సిలోనాలో జంటగా తిరిగేవాళ్ళు మెట్రోకి టి-ఫమిలియార్ టికెట్ కొనండి. ఎనిమిది ప్రయాణాలు, ఇద్దరూ వాడుకోవచ్చు. టి-కజువల్ ఒక్కరికే. ఎయిర్‌పోర్ట్ మెట్రో స్టేషన్లలో రెండూ చెల్లవు.

ఏజెన్సీ ఆఫీసు పాండీ బజార్ వెనక సందులో, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. శనివారం మధ్యాహ్నం జనం ఎక్కువ, ఫోన్ చేసి వెళ్ళండి. ప్యాకేజీ కాగితంలో 'షోర్ టూర్స్' (ఓడ దిగాక ఊళ్ళు తిప్పడం) అని ఉన్న లైను కొట్టేయించుకుని, మిగతా దానికి డబ్బు కట్టండి. గట్టిగా అడిగితే కొట్టేస్తారు, మా బావమరిదికి కొట్టేశారు.