చుక్కలు చూసి కొన్నాను, చుక్కలు కనిపించాయి: కీత్ రిచర్డ్స్ ‘లైఫ్’ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త

ముందే చెప్తున్నా, పుస్తకం మీద నాకే కోపమూ లేదు. రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్, జేమ్స్ ఫాక్స్ అనే పాత్రికేయుడి తోడుతో 2010లో తెచ్చిన ఆత్మకథ ‘లైఫ్’ నిక్షేపంలాంటి పుస్తకం. నా గొడవంతా నాకు అంటగట్టిన కాపీతో. అంతకన్నా ఎక్కువగా, దాన్ని కొనేలా చేసిన ఆ నాలుగున్నర చుక్కలతో, అదే స్టార్ రేటింగ్‌తో.

మూడు నెలల కిందటి మాట. మా బావమరిది గిటార్ నేర్చుకుంటున్నాడు. రోలింగ్ స్టోన్స్ పాట ‘స్టార్ట్ మీ అప్’ మొదట్లో వచ్చే గిటార్ ముక్కంటే వాడికి పిచ్చి. ఆరు తీగల మీద ఎన్నిసార్లు వాయించినా ఆ రంగు రావట్లేదని తల బాదుకుంటుంటే, “ఒరేయ్, దానికి మందు కీత్ పుస్తకంలో ఉంది, నీ పుట్టినరోజుకి కొనిస్తా ఆగు” అని గొప్పగా మాటిచ్చాను. ఆన్‌లైన్‌లో వెతికితే నాలుగున్నర చుక్కలు, కింద బోలెడు అభిప్రాయాలు. రాత్రంతా నిద్రపోకుండా చదివానన్నారు ఒకరు. బృందం గాయకుడు మిక్ జాగర్‌ని మరీ ఆడిపోసుకున్నాడని ఇంకొకరు. మత్తుమందుల పురాణం సగానికి సగం తగ్గిస్తే బాగుండేదని మరొకరు. తిట్టినవాళ్లు కూడా ప్రేమగానే తిట్టారు. మిగతా అమ్మకందార్ల దగ్గర ఏడెనిమిది వందలుంటే ఒకడి దగ్గర 265 రూపాయలు. నాలోని మధ్యతరగతి మనిషి టక్కున మేలుకున్నాడు. నొక్కేశాను.

కవరు చింపగానే బంక వాసన గుప్పుమంది. అట్ట మీద కీత్ మొహం ఎండలో మర్చిపోయిన వడియంలా పాలిపోయి ఉంది. పుస్తకం వీపు మీద పేరు ఓ పక్కకి ఒరిగింది. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా, ఇచ్చేముందు నేనోసారి చదివేస్తే పోలే అనిపించింది. (బహుమతి పుస్తకాలతో ఈ పని చేయనివాళ్లు చేయెత్తండి.)

మొదలే అదిరిపోతుంది. 1975లో అమెరికా పర్యటన, ఆర్కన్సాలో ఫోర్డైస్ అనే చిన్న ఊరు, కారు నిండా దొరక్కూడని సరుకు, బయట పోలీసులు. ప్రతి అధ్యాయం తలమీద, మన పాత నవలల్లో ప్రకరణానికి ముందు వేసినట్టు, ఇందులో ఏమేం జరగబోతుందో నాలుగు ముక్కల్లో చెప్తారు. నా కాపీలో ఆ వాలు అక్షరాలు చీమలు కుట్టినట్టు వాచిపోయి ఉన్నాయి. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను. ఫొటోల పేజీలైతే బొగ్గు పూసిన పలకలు. కీత్ ఎవరో మిక్ ఎవరో పోల్చుకోవడం నావల్ల కాలేదు. మిక్‌వి ఆ పేరుమోసిన లావు పెదాలు కూడా కనపడలేదంటే చూసుకోండి.

అయినా చదువుతూనే ఉన్నాను, కథ అలాంటిది. ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో 1961లో మిక్ చంకలో అమెరికన్ గాయకులు చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు చూసి కీత్ మాట కలపడం, ఆ సంగతంతా ప్యాటీ ఆంటీకి రాసిన ఉత్తరం, తాతయ్య గస్ ఇంట్లో అందకుండా పెట్టి ఊరించిన గిటార్... తొమ్మిదో రోజు రాత్రి 240వ పేజీ తిప్పాను. చదువుతుంటే ఎక్కడో విన్నట్టుంది. మత్తెక్కి చెప్పిందే చెప్తున్నాడులే, కీత్ కదా, అని సరిపెట్టుకున్నాను. అర పేజీ అయ్యాక పేజీ అంకె చూశాను. 209!

అక్కణ్నుంచి మళ్లీ 240 దాకా వరసగా ఉంది. ఆ తర్వాత నేరుగా 273.

అచ్చు పని తెలిసినవాళ్లకు వెంటనే అర్థమై ఉంటుంది. పుస్తకాన్ని పేజీలుగా కాదు, ఫారాలుగా అచ్చువేస్తారు. ఫారానికి మామూలుగా 16 పేజీలు. నా కాపీలో రెండు ఫారాలు రెండుసార్లు పెట్టి, వాటి తర్వాతి రెండు ఫారాలు మింగేశారు. అసలు ప్రచురణకర్త దగ్గరా ఇలాంటి పొరపాట్లు జరుగుతాయి, కాకపోతే చెబితే మార్చి ఇస్తారు. ఇక్కడ అసలు కాపీని స్కాన్ చేసి ఎక్కడో చీకటి గదిలో గుద్దినవాడికి ఎవరు చెప్తారు?

పోయిన 32 పేజీల్లో ఏముందో తెలుసా? ఏ పేజీల కోసమైతే కొన్నానో సరిగ్గా అవి. కీత్ గిటార్‌కి కింది స్థాయి లావు తీగ పీకేసి, మిగతా ఐదింటినీ జి, డి, జి, బి, డి అని శ్రుతి చేసుకుంటాడు. బాంజో అనే గిటార్‌లాంటి తీగ వాయిద్యం వాయించే పాతవాళ్ల పద్ధతి అది. తీగలు ఊరికే మీటితేనే ఒక కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుత్తి, పలుకుతుంది. ఒక వేలు అడ్డంగా వేస్తే ఇంకో కార్డ్. మిగతా వేళ్లు ఖాళీ, వాటితో పైన ఎంత అల్లరైనా చేసుకోవచ్చు. ‘హాంకీ టాంక్ విమెన్’, ‘బ్రౌన్ షుగర్’, మావాడి ‘స్టార్ట్ మీ అప్’, అన్నింటి గుట్టూ అదే. ఈ ముక్క నేను తర్వాత ఆఫీసులో ఒకాయన దగ్గర అసలు కాపీ అడిగి తెచ్చుకుని చదివాను. సాంబారు లేని ఇడ్లీ తిని హోటల్‌ని మెచ్చుకుని వచ్చినట్టయింది అంతవరకూ.

ఇక ఫోన్ల పర్వం.

“సార్, రిటర్న్ గడువు ఏడు రోజులే సార్. మీది తొమ్మిదో రోజు సార్.”

“అమ్మా, 240వ పేజీ దాకా చదివితేగా తెలిసేది?”

“వస్తువు బాగానే అందిందని నొక్కారు కదా సార్.”

ఆ అమ్మాయిని అని లాభం లేదు. ఆవిడ ముందున్న తెర మీద పేజీ అంకెలు ఉండవు. సరేలే, కనీసం తర్వాతివాళ్లయినా జాగ్రత్తపడతారని ఒకే ఒక చుక్క ఇచ్చి, ఫలానా అమ్మకందారు దొంగ అచ్చు అమ్ముతున్నాడు, పేజీలు లేవు అని అభిప్రాయం రాశాను. మర్నాడు తిరుగు టపా: ఇక్కడ వస్తువు గురించే రాయాలి, అమ్మేవాళ్ల గురించి రాయకూడదు, కాబట్టి వేయలేం.

అసలు మతలబు అప్పుడు తలకెక్కింది. ఇదొక్కటి పట్టుకుంటే చాలు, ఈ పోస్టులో మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు. ఆ పేజీలో కనిపించే చుక్కలు కీత్ రిచర్డ్స్‌కి వేసినవి. గట్టి అట్ట కొన్నవాళ్లు, మామూలు అట్ట కొన్నవాళ్లు, ఫోన్లో చదివినవాళ్లు, ఆడియో పుస్తకంలో నటుడు జానీ డెప్ గొంతు విని మురిసినవాళ్లు, అందరి చుక్కలూ ఒకే కుండలో పోశారు. ఆ కుండ కింద కొట్టు పెట్టుకున్న ప్రతివాడూ, దొంగసరుకువాడితో సహా, అదే పరపతి వాడుకుంటున్నాడు. పుస్తకం ఎంత గొప్పదైతే వాడికంత లాభం. అమ్మినవాడి మీద ఫిర్యాదు రాస్తే ‘అది వస్తువు గురించి కాదు’ అని తీసేస్తారు. అమ్మకందారుకి విడిగా చుక్కలుంటాయి, వాడి పేరు మీద నొక్కితే కనిపిస్తాయి. నేను నొక్కలేదు. నొక్కి ఉంటే వాడు కొట్టు తెరిచి నెల కూడా కాలేదని తెలిసేది.

ఈ బాధలో ఉండగానే ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు చూస్తుంటే అచ్చం నా కాపీ అన్నదమ్ముడిలాంటిది కనబడింది. చేతిలోకి తీసుకున్నానో లేదో కుర్రాడే చెప్పేశాడు: “అన్నా, గది డూప్లికేట్. ఒరిజినల్ కావాల్నంటే అటు దిక్కు చూడు, రేటు జర ఎక్కువుంటది.” దొంగ అచ్చు అమ్మడం తప్పే. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు రాసి ఉంది. కానీ ఫుట్‌పాత్ మీద నాకు దొరికిన ఆ ఒక్క వాక్యం, మెరిసే తెర మీద ఎవడూ చెప్పలేదు.

ఇంకో రకం మోసం కూడా చెప్పాలి, ఇది మా మిత్రుడికి తగిలింది. బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బృందం గాయకుడు ఆజీ ఆస్బోర్న్ 2025 జులై 22న పోయాడు. ఆ వారమే మావాడు ఎమోషన్‌లో, ఆత్మకథ అనుకుని, ‘ఆజీ జీవితకథ’ అని ఒకటి తెప్పించుకున్నాడు. తొంభై పేజీలు లేవు, అక్షరాలు మాత్రం ఒకటో తరగతి వాచకమంత. ఆజీ సొంతంగా చెప్పుకున్నది 2009లో వచ్చిన ‘ఐ యామ్ ఆజీ’. పోయాక, 2025 అక్టోబరులో ‘లాస్ట్ రైట్స్’ వచ్చింది. మావాడికి వచ్చినది ఈ రెండూ కాదు. ఎవరో, బహుశా ఏ కంప్యూటరో, అక్కడా ఇక్కడా ఏరి వండిన సంకటి. ఆజీ వేదిక మీద గబ్బిలం తల కొరికిన సంఘటన 1982 జనవరిలో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డెమాయిన్‌లో జరిగితే, ఇందులో ఆయన సొంతూరు బర్మింగ్‌హామ్‌లో జరిపించేశారు! మొదటి పేజీ నుంచి ‘ఆయన పుట్టెను, ఆయన పెరిగెను’ ధోరణి. ఆత్మకథలో ‘నేను’ లేకపోతే అది ఎవరి ఆత్మ? పెద్ద సంగీతకారుడెవరైనా పోయిన వారం, పది రోజుల్లో పుట్టుకొచ్చే సన్నటి పుస్తకాల జోలికి పోకండి. ‘సమ్మరీ’, ‘అనధికార’, ‘పూర్తి జీవితం’ లాంటి మాటలు ముఖచిత్రం మూల చిన్నగా ఉంటాయి. ఫొటోని వేళ్లతో సాగదీసి చదవాలి.

పెద్ద ప్రచురణ సంస్థ దగ్గర నేరుగా కొంటే ఇవేవీ ఉండవనుకుంటున్నారా? 2022 నవంబరులో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పుస్తకం ‘ది ఫిలాసఫీ ఆఫ్ మోడరన్ సాంగ్’ వచ్చింది. చేత్తో సంతకం చేసినవని 900 కాపీలు, ఒక్కోటి 599 డాలర్లకు అమ్మారు. అసలు సంతకమేనని ప్రచురణకర్త హామీ పత్రం కూడా జతచేశారు. కొన్నవాళ్లు ముచ్చటపడి ఫొటోలు పెట్టుకున్నారు, అక్కడే గుట్టు బయటపడింది. ఒకరి సంతకం ఇంకొకరి సంతకం మీద పెడితే గీతకు గీత సరిపోయింది. సంతకాలు గీసే యంత్రం పని. ప్రచురణకర్త డబ్బు వాపసు ఇచ్చింది, డిలన్ కూడా తప్పైందని ఒప్పుకున్నాడు, 2019 నుంచి తల తిరుగుడుతో బాధపడుతున్నానని చెప్పాడు. పట్టుకున్నది పోలీసులు కాదు, విమర్శకులు కాదు. మనలాగే డబ్బు పోసి కొన్న పాఠకులు, ఒకరి కాపీ పక్కన ఒకరి కాపీ పెట్టి చూసుకుని. అందుకే ఇదంతా ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కొనే ముందు నేనిప్పుడు ఏం చేస్తున్నానంటే, ఐదు చుక్కల పొగడ్తలు అసలు చదవను. ఒక చుక్క, మూడు చుక్కల వాళ్లవి, అదీ కొత్తవి పైకి వచ్చేలా పెట్టుకుని చదువుతాను. ‘ప్రింట్’, ‘పేజీలు’, ‘బైండింగ్’ అనే మాటలు వెతుకుతాను. ఎవరైనా లోపలి పేజీ ఫొటో పెడితే అదే బంగారం. వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ అంకె (పుస్తకం గుర్తింపు సంఖ్య) సరిపోయిందని మాత్రం నమ్మకండి, అట్టనే స్కాన్ చేసినవాడికి అంకె ఉచితంగా వస్తుంది. వాచిన అక్షరాలు, మసి ఫొటోలు, ఎండిన బంక చూస్తే చాలు, తెలిసిపోతుంది. పార్సిల్ వచ్చిన రోజే, చదివినా చదవకపోయినా, పేజీ అంకెలు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి తిప్పేయండి. పది నిమిషాల పని. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకుంటే ఇంకా మంచిది, వాళ్లు మొదట అడిగేది అదే.

డబ్బు వాపసు వచ్చిందా అంటే, వచ్చింది. ఈ-కామర్స్ సంస్థలకు 2020 నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ అధికారి ఈమెయిల్ వెబ్‌సైట్ అడుగున ఎక్కడో ఉంటుంది, కిందికి జరుపుతూ పోవాలి. రెండు 240వ పేజీలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపాను. జవాబు లేకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఆ తర్వాత వారానికి 265 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఆ 265 కోసం నేను పెట్టిన గంటలు లెక్కేస్తే మా ఆవిడ నవ్వుతుంది, కాబట్టి లెక్కేయను.

పుస్తకం గురించి నా అభిప్రాయం కూడా అడుగుతారు కాబట్టి: మిక్ మీద విసుర్లు నాకూ ఎబ్బెట్టుగానే అనిపించాయి, అరవై ఏళ్ల స్నేహాన్ని అంత చులకన చేయనక్కర్లేదు. కానీ తీగలు, శ్రుతులు, రికార్డింగుల గురించి మాట్లాడినప్పుడు ఆ మనిషి పసివాడైపోతాడు. ‘సాటిస్‌ఫ్యాక్షన్’ పాట వరస నిద్రలో టేపు మీద వాయించి, మిగతా టేపంతా గురక నింపిన కథ ఒక్కటి చాలు. మధ్యలో సాసేజీలు, ఉడికించిన బంగాళదుంపల ముద్ద ఎలా చేయాలో వంట కూడా చెప్తాడు. మావాడికి చివరికి అసలు కాపీ పూర్తి ధర పెట్టి కొట్లో కొనిచ్చాను. వాడిప్పుడు ఆరో తీగ పీకేశాడు, ఇంట్లో అందరి చెవులూ పీకేస్తున్నాడు.

నిన్న రాత్రి మళ్లీ ఆ పేజీ తెరిచి చూశాను. అదే ముఖచిత్రం, అదే పాలిపోయిన ఫొటో. అమ్మేవాడి పేరు మారింది. ధర 249. చుక్కలు మాత్రం నాలుగున్నరే.