ల్యాప్‌టాప్‌లో రాత్రి, ఐప్యాడ్‌లో పగలు: నాలుగేళ్ల స్క్రివెనర్, డ్రాప్‌బాక్స్ వాడకం

నాలుగేళ్లుగా ఒకే నవల రాస్తున్నాను. రాత్రిళ్లు ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ మీద, పగలు ఆఫీసు బస్సులో ఐప్యాడ్ మీద. రెండింట్లోనూ పెద్ద రచనలు రాసుకునే సాఫ్ట్‌వేర్ స్క్రివెనర్, మధ్యలో ఫైళ్లని నెట్‌లో ఉంచి రెండింటికీ అందించే డ్రాప్‌బాక్స్. ఇన్నాళ్లలో ఒక్క పేజీ పోలేదు. పోయిందని గుండె జారిన సాయంత్రం మాత్రం ఒకటుంది.

స్క్రివెనర్ ప్రాజెక్టు వర్డ్ ఫైల్ లాంటిది కాదు, అదొక ఫోల్డర్. లోపల ప్రతి సీనూ విడిగా ఒక ఆర్‌టీఎఫ్ (మామూలు రాత) ఫైల్, వాటి వరుస చెప్పే ఫైల్ ఇంకొకటి. వీటిలో కొన్ని రెండో పరికరానికి చేరి కొన్ని చేరకపోతేనే చిక్కు. మొదట్లో నాకీ సంగతి తెలియదు. ఓ రాత్రి సీను ముగించి, ప్రాజెక్టు మూయకుండానే ల్యాప్‌టాప్ మూత దించి పడుకున్నాను. ఆ మార్పులు ఇంకా డ్రాప్‌బాక్స్‌లోకి ఎక్కలేదు. పొద్దున్నే బస్సులో పాత సీనునే తెరిచి, రెండు పేరాలు దిద్ది సింక్ (రెండుచోట్లా ఫైళ్లని ఒకేలా చేసే బటన్) కొట్టాను. సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిస్తే ఎడమపక్క కాన్‌ఫ్లిక్ట్స్ (పొంతన కుదరనివి) అని కొత్త ఫోల్డర్. అందులో అదే సీను, ఇంకో రూపంలో. తాతయ్య పోయిన పొద్దుటి సీను అది. ఒకదాంట్లో అమ్మమ్మ ఏడుస్తోంది, ఇంకోదాంట్లో పొంగుతున్న పాలు దించుతోంది. రెండూ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చూసి కలిపేసరికి ఒంటిగంట దాటింది. పాలు దించే అమ్మమ్మనే ఉంచాను.

అప్పట్నుంచి రాయడం అయ్యాక ముందు ప్రాజెక్టు మూస్తాను. టాస్క్‌బార్ మూలన డ్రాప్‌బాక్స్ గుర్తు తిరగడం ఆగేదాకా ల్యాప్‌టాప్ ముట్టుకోను. పొద్దున ఇంటి వైఫై ఉండగానే ఐప్యాడ్‌లో సింక్ నొక్కి బయల్దేరతాను. దారిలో సిగ్నల్ లేకపోయినా టెన్షన్ లేదు, రాసింది ఐప్యాడ్‌లోనే ఉంటుంది. ఇంటికి రాగానే మళ్లీ సింక్, ఆ తర్వాతే ల్యాప్‌టాప్. ఇదంతా కలిపి రోజుకు రెండు మూడు నిమిషాల పని. ఇంకో మాట: డ్రాప్‌బాక్స్‌లో ప్రాజెక్టు ఫోల్డర్‌ని ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంచకండి, కంప్యూటర్‌లోకి పూర్తిగా దించుకునేలా పెట్టుకోండి.

సింక్‌ని బ్యాకప్ అనుకోవడం ప్రమాదం. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ప్రాజెక్టు మూసినప్పుడల్లా స్క్రివెనర్ జిప్ కాపీ తీస్తుంది కానీ, సెట్టింగ్ మార్చకపోతే చివరి 5 మాత్రమే ఉంచుతుంది. నేను 25కి పెంచాను, ఆదివారం పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కిస్తాను.

తెలుగుకి ఇబ్బంది రాలేదు. ల్యాప్‌టాప్‌లోని నిర్మలా యూఐ ఫాంట్ ఐప్యాడ్‌లో లేదు కాబట్టి అక్షరాల రూపు మారుతుంది, ఒత్తులు మాత్రం చెదరవు. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతా 2 జీబీ, 3 పరికరాలకే. ఉత్త రాతకి అది చాలా ఎక్కువ. పాత పత్రికల స్కాన్‌లు ప్రాజెక్టులో పెడితే మాత్రం సింక్ నత్తనడకే, అందుకే నావి బయట వేరే ఫోల్డర్‌లో ఉంటాయి.

విండోస్‌కీ ఐప్యాడ్‌కీ స్క్రివెనర్ విడివిడిగా కొనాలి. ఆండ్రాయిడ్‌కి అసలు లేదు, ఆ ట్యాబ్ ఉన్నవాళ్లు దీనికోసం డబ్బు పెట్టొద్దు.