ఉద్యోగం మానకుండా తాగుడు మానడానికి వెళ్లిన సాయంత్రపు క్లినిక్

మండపేట దగ్గర ఒక రైస్‌మిల్లులో పద్నాలుగేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. గత ఆషాఢంలో, సార్వా నాట్లు పడుతూ మిల్లుకు ధాన్యం రాక తగ్గిన రోజుల్లో, తాగుడు మానడానికి రాజమహేంద్రవరంలోని ఒక ప్రైవేటు మానసిక వైద్యుని క్లినిక్‌కు వెళ్లాను. అంతకుముందు విచారించిన ఒక కేంద్రంలో మూడు నెలలు అక్కడే ఉండాలన్నారు. మూడు నెలలు కనబడకుండా పోయిన గుమాస్తా కుర్చీలో మరొకరు కూర్చుంటారు కనుక ఆ మాట విన్నప్పుడల్లా నేను వెనక్కు తగ్గేవాడిని. ఈ క్లినిక్‌లో వారానికి మూడు రోజులు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు చూస్తారు. ఐదున్నరకు పని ముగించుకుని బస్సెక్కితే నా వరుస వచ్చేసరికి చేరుకోవచ్చు.

మొదటి రోజు డాక్టరు గారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఎంత తాగుతానన్నదానికన్నా, పొద్దున్నే చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, తాగనప్పుడు లేనివి కనబడ్డాయా అన్న ప్రశ్నల మీదే ఎక్కువసేపు నిలిచారు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లోపు వణుకు, చెమటలు మొదలవుతాయని, ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయని, మతి చలించి పలవరించే ప్రమాదకర స్థితి రెండో రోజు దాటాక రావచ్చని వివరించారు. ఫిట్స్ గాని, ఆ పలవరింత గాని ఇదివరకు వచ్చినవారికి ఇంటి దగ్గర వైద్యం చేయనని, ఆసుపత్రిలో చేరాల్సిందేనని ఆయన కచ్చితంగా చెప్పారు. వచ్చిన మనిషిని వదులుకోవడానికైనా సిద్ధపడిన ఆ మాటతోనే నాకు ఈ వైద్యం మీద నమ్మకం కుదిరింది.

నాకు ఆ లక్షణాలు లేవు కనుక ఐదు రోజులు ఇంటి దగ్గర ఉంచారు. తాగుడు ఆపినప్పుడు వచ్చే వణుకు, ఆందోళనలను అదుపు చేసే క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలను రోజురోజుకూ తగ్గిస్తూ ఇచ్చారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేశారు. మాత్రల స్ట్రిప్పులు నా చేతికివ్వకుండా నా భార్యకు అప్పగించారు. ఆ మాత్రలు మత్తు కలిగిస్తాయి కాబట్టి అవి వాడినన్నాళ్లు బైకు తాళం కూడా ఆమె దగ్గరే ఉంది. ఉద్యోగం చేసుకుంటూ వైద్యం అంటే ఒక్కరోజు కూడా సెలవు పెట్టనక్కరలేదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆ ఐదు రోజులు నేను కలం పట్టి ఒక అంకె సరిగా వేయలేకపోయాను.

సెలవు కోసం ఇచ్చిన సర్టిఫికెట్‌లో అస్వస్థత వల్ల ఐదు రోజుల విశ్రాంతి అవసరమని మాత్రమే రాశారు. మద్యం వల్ల కలిగే మానసిక స్థితులు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయని, ఆ చట్టం ప్రకారం రోగికి గోప్యత హక్కు ఉందని డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలియదు. మూడో వారంలో మిల్లు యజమానికి నేనే నిజం చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పుస్తకాలు ఎక్కడికీ పోవండి, ముందు ఒళ్లు చూసుకోండి" అన్నారు. అందరు యజమానులూ అలా అనరు కనుక, చెప్పాలా వద్దా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసిందే. నెల జీతం 21,000 రూపాయలు మించక ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవారు మాత్రం ముందుగా ఆ దారి విచారించడం మంచిది. చందా నిబంధనలు నెరవేరితే వైద్యంతో పాటు, సెలవు రోజులకు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది.

మరొక విషయం ఇల్లాళ్ల కోసం రాస్తున్నాను. తాగేవారికి తెలియకుండా మాన్పిస్తామన్న ప్రకటనలు నమ్మి కూరలో పొడి కలిపేవారు మన వైపు ఎందరో ఉన్నారు. నా భార్య కూడా ఒక పొట్లం కొని దాచింది. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, ఆ సంగతి తెలియని మనిషి తాగినప్పుడు ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చునని డాక్టరు గారు ఆమెను కూర్చోబెట్టి చెప్పారు. ఆ మందు మానేసిన తర్వాత కూడా రెండు వారాల వరకు ప్రభావం ఉండవచ్చు కనుక రోగికి చెప్పి, అతని అంగీకారంతోనే ఇవ్వాలట. నాకు కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్‌ను ఎంచుకున్నారు. దానికి ముందు ఒకసారి, మూడో నెలలో మరొకసారి కాలేయ పరీక్షలు చేయించారు.

సంక్రాంతికి నేను తప్పాను. కనుమ నాడు బరి దగ్గర బావమరిది గ్లాసు అందించాడు, తీసుకున్నాను, మర్నాడూ తీసుకున్నాను. ఇక ఆ క్లినిక్ గడప ఎలా తొక్కేదని నాలుగు రోజులు కుమిలిపోయాను. వెళితే ఎవరూ మందలించలేదు. ఏ పూట, ఎవరితో, ఏం తిన్నాక అని అడిగి రాసుకున్నారు, నెలకు ఒకసారికి తగ్గించిన రాకను మళ్లీ వారానికి ఒకసారి చేశారు. ఉగాదికి అత్తవారింటికి వెళ్లాలా వద్దా అన్నది కూడా ఆ గదిలోనే మాట్లాడుకున్నాము. నేను ఇచ్చిన డబ్బుకు దక్కిన అసలైన వైద్యం ఇదేనని నా అభిప్రాయం.

లోపాలు లేకపోలేదు. ఎనిమిది నెలల్లో కౌన్సెలర్లు ఇద్దరు మారారు, కొత్తగా వచ్చినవారికి నా కథంతా మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. అది చిన్న బాధ కాదు. కుటుంబాల సమావేశం ఆదివారం పదకొండు గంటలకు పెడతారు, కోతల కాలంలో మిల్లుకు ఆదివారం ఉండదు. ఫీజు డాక్టరుకు 400, కౌన్సెలింగ్‌కు 500 రూపాయలు. మొదటి రెండు నెలలు పరీక్షలు, మాత్రలు, బస్సు ఛార్జీలు కలిపి నాకు భారమే అయింది. అంత పెట్టలేనివారు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు గాని, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గాని ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అన్నిటికన్నా నన్ను బాధించినది వరండాలోని బల్ల. రోడ్డుకు ఎదురుగా ఉన్న ఆ బల్ల మీద కూర్చుని, మా మిల్లుకు సరుకు తోలే లారీ డ్రైవరు కంట పడకుండా రెండుసార్లు ముఖం తిప్పుకున్నాను. లోపల మందుల గది పక్కన చోటు ఉంది. ఆ బల్లను అక్కడికి మార్చమని పోయిన నెల రాతపూర్వకంగా కోరాను, ఇంకా మార్చలేదు.