సెక్యూరిటీ క్లియరెన్స్ ఫామ్‌లో పాత గంజాయి: చెప్పడం మేలా, దాచడం మేలా, ఆగడం మేలా?

అమెరికా రక్షణ శాఖ పనులు చేసే కంపెనీల్లో చాలా ఉద్యోగాలకు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి అనుమతి కావాలి. అక్కడి పౌరులకే ఇస్తారు కాబట్టి మనవాళ్లలో ఈ చిక్కు ఎక్కువగా అక్కడే పుట్టి పెరిగిన పిల్లలది. కాలేజీలో నాలుగైదుసార్లు గంజాయి తాగి మానేసిన కుర్రాడు ఫామ్ ముందు కూర్చుంటే ఏం రాయాలి?

"ఎవరికి తెలుస్తుందిలే, లేదని రాసెయ్" అనే సలహా ఇంట్లోనే మొదలవుతుంది. పరువు భయం అర్థమవుతుంది గానీ, ఉన్న దారుల్లో ఇదే అన్నిటికన్నా ప్రమాదం. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫామ్ 23వ సెక్షన్‌లో గత ఏడేళ్ల సంగతి అడుగుతారు: ఏం వాడావు, మొదటిసారి ఎప్పుడు, ఆఖరిసారి ఎప్పుడు, ఎన్నిసార్లు, ఇకపై వాడే ఉద్దేశం ఉందా? పరీక్షలప్పుడు స్నేహితుడి దగ్గర తీసుకుని మింగిన ఆడరాల్ (ఏకాగ్రత కోసం డాక్టర్ చీటీ మీదే ఇచ్చే మందు) మాత్ర కూడా ఇందులోకే వస్తుంది. ఆ తర్వాత దర్యాప్తు అధికారులు పాత రూమ్మేట్‌నీ, పక్కింటివాళ్లనీ కలిసి అడగవచ్చు. సీఐఏ, ఎన్‌ఎస్‌ఏ లాంటి నిఘా సంస్థల్లో అయితే పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే) పరీక్ష కూడా ఉంటుంది. దొరికితే అసలు గొడవ గంజాయిది కాదు, నిజాయితీది. గంజాయి ఏటికేడు పాతబడుతుంది. అబద్ధం మాత్రం సంతకం పెట్టిన రోజున చేసిన కొత్త తప్పు. తెలిసి అబద్ధం రాయడం ఐదేళ్ల దాకా జైలు పడగల ఫెడరల్ నేరం కూడా.

చెబితే? నిజం రాసిన జవాబులను క్రిమినల్ కేసులో నీమీద సాక్ష్యంగా వాడబోమని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంటుంది. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాలు ఎంత కాలం కిందటి మాట, ఎన్నిసార్లు, ఆ సావాసం వదిలాడా అని చూస్తాయి. మళ్లీ ముట్టనని, ముడితే క్లియరెన్స్ రద్దు చేయవచ్చని రాసి సంతకం చేస్తే అదీ లెక్కలోకి వస్తుంది. పాత గంజాయి వాడకం ఒక్కటే నిర్ణయం చేసెయ్యకూడదని 2021 డిసెంబరులో జాతీయ నిఘా డైరెక్టర్ మెమో కూడా ఇచ్చారు.

ఆగడం మేలయ్యేది మొన్నమొన్నటిదాకా తాగినవాడికే. ఇన్ని నెలలని మార్గదర్శకాల్లో గడువేమీ లేదు. గంజాయికి ఏడాది దూరం ఉండాలన్నది ఎఫ్‌బీఐ తన ఉద్యోగాలకు పెట్టుకున్న నియమం. ఏడేళ్లు దాటేదాకా కూర్చోనక్కర్లేదు, వచ్చిన ఉద్యోగం అంతవరకూ ఆగదు కూడా. అప్పుడప్పుడు ఇంకా తాగుతూ ఉంటే మాత్రం అప్లై చేయవద్దు. కొలరాడోలోనో కాలిఫోర్నియాలోనో చట్టబద్ధం కదా అన్న వాదన ఇక్కడ చెల్లదు, ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు.

నా మాట: మానేసి ఏడాది దాటినవాడు తేదీలతో సహా ఉన్నదున్నట్టు రాసెయ్యాలి. గ్రీన్ కార్డు మీద ఉండి పౌరసత్వానికి సిద్ధమవుతున్నవాళ్ల లెక్క వేరు. గంజాయి వాడానని ఒప్పుకుంటే పౌరసత్వానికే అడ్డు రావచ్చు కాబట్టి, వాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలిసి, ఆ తర్వాతే ఏ ఫామైనా ముట్టుకోవాలి.