గణితం టీచర్లకు శిక్షణ, కోచింగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నేను జెడ్పీ హైస్కూల్లో ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్) మ్యాథ్స్, అంటే లెక్కల టీచర్ని. హాల్లో కూర్చోబెట్టి ఇచ్చే శిక్షణ, ఫోన్లో చేసే కోర్సు, తరగతిలోకే వచ్చి కూర్చునే కోచ్, ఈ మూడూ నాకు బాగా అలవాటు. నన్నడిగితే ఖర్చు పెట్టదగ్గది మూడోదాని మీదే.

హాల్లో శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ చేయించే కృత్యం తోటి టీచర్ల మధ్య బ్రహ్మాండంగా నడుస్తుంది. ఎక్కాలు రాని ఎనిమిదో తరగతి పిల్లల ముందు మొదట్లోనే ఆగిపోతుంది. అప్పుడు అడుగుదామంటే ఎవరూ ఉండరు. పాత స్నేహితులు కలుస్తారు, అదొక్కటే లాభం. జాతీయ విద్యా విధానం 2020 టీచరుకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటుంది కదా, ఆ లెక్కకు ఆన్‌లైన్ కోర్సు సరిపోతుంది. క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి.

మాకు కోచ్‌గా వచ్చేది ఒక రిటైర్డ్ లెక్కల మేడమ్. క్లాసుకు ముందు ఒకటే అడుగుతారు: "ఈ లెక్కకు పిల్లలు ఏ తప్పు జవాబు రాస్తారనుకుంటున్నారు మాస్టారూ?" తర్వాత చివరి బెంచీలో కూర్చుని నన్ను కాదు, పిల్లల నోట్సులు చూస్తారు.

ఏడో తరగతిలో భిన్నాల కూడిక జరుగుతోంది. ఒకడు 1/3 + 1/4 = 2/7 అని రాశాడు. మామూలుగా అయితే క.సా.గు. మళ్లీ చెప్పేవాణ్ణి. మేడమ్ మాత్రం "2/7 పెద్దదా, 1/3 పెద్దదా అని వాణ్ణే అడగండి" అన్నారు. 21 హారంతో రాసి చూశాడు: 6/21, 7/21. "కలిపితే తగ్గిందేంటి సార్?" అన్నాడు. మర్నాడు 12 గళ్ల కాగితం పట్టీ ఇచ్చాం. 4 గళ్లు, 3 గళ్లు రంగు వేసి 7/12 తనే చెప్పాడు. క.సా.గు. ఎందుకు కావాలో ఆ క్లాసుకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇంకో అలవాటు కూడా ఆవిడ చేసిందే. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకనుకు మించి ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయనీ అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే గమనించారు. మా మేడమ్ గడియారం చూసి నా సెకన్లు రాసిచ్చేవారు. ఆ మూడు సెకన్లు మొదట్లో భరించడం కష్టమే. తర్వాత వెనక బెంచీల చేతులు లేవడం మొదలైంది.

లోపాలూ ఉన్నాయి. నెలకోసారి వచ్చి వెళ్లే కోచ్ వల్ల ఒరిగేది తక్కువ. ఒకే అధ్యాయం నడిచినన్నాళ్లూ వరసగా వస్తేనే ఫలితం కనబడుతుంది. అదే మనిషి చేతిలో తనిఖీ రిపోర్టు కూడా ఉంటే అసలు దండగ, టీచరు ఆ రోజుకు బాగా వచ్చిన పాఠమే చెబుతాడు. మీ స్కూల్‌కు ఎవరైనా కోచ్‌ను పంపుతామంటే రిపోర్టు ఎవరికి వెళ్తుందో ముందే అడగండి. పదో తరగతికి మాత్రం సంక్రాంతి సెలవుల తర్వాత పిలవొద్దు. ప్రీఫైనల్స్ హడావుడిలో టీచరుకూ పిల్లలకూ వినే ఓపిక ఉండదు.